నాలుగు గంటల నడక

1998 డిసెంబరులో నాకు ఒక ఎంక్వయిరీ అప్పగించారు. అప్పటికి అరకు లోయకు పైకొండల్లో ఉన్న ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హెల్త్ ఎడ్యుకేటర్‌గా నాది రెండేళ్ళ సర్వీసు. ప్రజలకు ఆరోగ్య విషయాలు బోధించడం నా విధి అని ఉత్తర్వుల్లో ఉండేది. ఆచరణలో డాక్టరుగారికి తీరిక లేని పనులన్నీ నావి. బోధించే ఉద్యోగం కనుక స్టాఫంతా నన్ను "మేస్టారూ" అనేవారు. వాళ్ళందరిలో నేనే చిన్నవాణ్ణి. నోరు మాత్రం అందరికంటే పెద్దది. ఎంతటి విషాదాన్నయినా రెండు ముక్కల్లో తేల్చేసి నలుగురినీ నవ్వించడం నా సరదా.

ఎంక్వయిరీ పైడితల్లి సిస్టర్ మీద. సాలూరు మనిషి. మా కింది సబ్‌సెంటర్లలో ఒకదానికి ఆమె ఏఎన్ఎం. గర్భిణులను చూడడం, పురుళ్ళు పోయడం, పిల్లలకు టీకాలు, జ్వరం వస్తే మలేరియా పరీక్షకు రక్తపూత తీసి పంపడం, అన్నీ ఒక్క మనిషి చేసే ఉద్యోగం అది. వాహనం రెండు కాళ్ళు. పదమూడేళ్ళ సర్వీసులో ఆమెకు ఒక్క మెమో కూడా రాలేదు.

ఆరోపణ టూర్ డైరీ గురించి. ఏఎన్ఎం ఏ రోజు ఏ ఊరికి వెళ్తుందో నెల మొదట్లోనే రాసి ఇవ్వాలి. వెళ్ళొచ్చాక ఎన్నింటికి బయల్దేరిందో, ఎన్నింటికి చేరిందో డైరీలో రాయాలి. తనిఖీకి వచ్చిన పైఅధికారి ఒకరు జీపులో కూర్చునే ఆ డైరీ తెప్పించుకుని చూశారు. సబ్‌సెంటర్ నుంచి పనసగుడకు గంటంపావు నడక. సిస్టర్ ఏడింటికి బయల్దేరి పదకొండింటికి చేరినట్టు రాసింది. ఒకసారి కాదు, సెప్టెంబరు నడిమి నుంచి ప్రతిసారీ. పనసగుడ దాటితే ఇంకా రెండు ఊళ్ళున్నాయి. వాటికి వెళ్ళే పొద్దు మిగలక, ఆ మూడు నెలల్లో అక్కడ ఆమె అడుగే పడలేదు. ఎక్కడో కూర్చుని కాలక్షేపం చేసి దొంగ డైరీ రాస్తోందని ఆయన తేల్చారు. పదిహేను రోజుల్లో నివేదిక కావాలి. రుజువైతే సస్పెన్షన్. ఆమె పోతే ఆ కుర్చీలోకి మరొకరు వస్తారన్న భ్రమ మాకెవరికీ లేదు. ఆమెకు ముందు ఆ సబ్‌సెంటర్లో చాలాకాలం గబ్బిలాలే డ్యూటీ చేశాయి.

నాకు మొదటి రోజే ఒక అనుమానం వచ్చింది. దొంగ డైరీ రాసే మనిషయితే గంటంపావనే రాస్తుంది. తన కొంపకు తనే నిప్పంటించే అబద్ధం ఎవరాడతారు?

పిలిచి అడిగాను. రాసినదంతా నిజమేనంది. అంతసేపు ఎందుకు పడుతోందంటే, "నడక తగ్గిపోనాది మేస్టారూ" అంది. కాళ్ళ నొప్పులా అంటే, "అయ్యీ ఉన్నాయి" అంది. అయితే గురువారం నేనూ వెంట నడుస్తానన్నాను.

"ఎంక్వయిరీ అంటే మీరు కుర్సీల కూకోవాల గదా?"

"కుర్చీ కొండెక్కదు సిస్టర్."

గురువారం ఏడింటికి వ్యాక్సిన్ డబ్బా భుజాన వేసుకుని బయల్దేరింది. సబ్‌సెంటర్ వెనక పారే గెడ్డ దాటగానే దారి రెండుగా చీలుతుంది. లోకమంతా ఎడమకు వెళ్తుంది. ఆమె తలెత్తకుండా కుడికి తిరిగింది.

"సిస్టర్, దారి ఇటు కదా" అన్నాను.

"నానిటే ఎల్తాను. మీరటెల్లి పనసగుడల కూకోండి. వచ్చేత్తాను."

కూర్చోలేదు, వెనకే వెళ్ళాను. ఆ దారి కొండను చుట్టి పోతుంది. గెడ్డలోకి దిగి, కాఫీ తోటల్లోంచి పైకెక్కి, మళ్ళీ దిగి, మళ్ళీ ఎక్కాలి. ఆమె ఎక్కడా కూర్చోలేదు. కూర్చున్నది నేను, మూడుసార్లు. పనసగుడ చేరి గడియారం చూస్తే పదకొండుకు ఐదు నిమిషాలుంది. డైరీలో తప్పేమైనా ఉంటే అది ఐదు నిమిషాలదే. ఎంక్వయిరీలో సాంకేతిక భాగం అక్కడితో ముగిసింది.

ఊళ్ళోకి వెళ్ళగానే ఆమె మొదట చూసింది నాలుగు నెలల ఆడపిల్లను. వేలాడే త్రాసులో పెట్టి బరువు తూచింది, సూది వేసింది. కార్డు చూశాను. ఒక్క టీకా కూడా తప్పలేదు. పిల్లను చంకనెత్తుకుని వచ్చింది నాయనమ్మ సొన్నాయి. తల్లి లేదు. ఎందుకు లేదో నాకు తెలుసు, ఆ రిపోర్టు నా చేతుల మీదుగానే వెళ్ళింది.

ఆగస్టు చివర్లో సొన్నాయి కోడలు లచ్చిమికి ఇంట్లోనే కాన్పయింది. బిడ్డ పుట్టింది కాని మాయ పడలేదు, రక్తం ఆగలేదు. కబురు అందగానే పైడితల్లి వెళ్ళి, దగ్గరున్న ఇంజక్షను చేసి, డోలీ కట్టించింది. కర్రకు దుప్పటి కట్టి భుజాల మీద మోయడమే డోలీ. జోరు వానలో నలుగురు వంతులవారీగా మోస్తుంటే పక్కన ఈమె లచ్చిమి చెయ్యి పట్టుకుని నడిచింది. జీలుగు చెట్టు మలుపు దగ్గర భుజం మార్చుకోవడానికి డోలీ దించారు. మళ్ళీ తొందరగా ఎత్తే అవసరం రాలేదు.

ప్రసూతి మరణానికి ఒక పద్ధతి ఉంది. ఏఎన్ఎం జరిగింది చెప్పాలి. ఆమె నాకు చెప్పింది, తర్వాత డాక్టరుగారికి చెప్పింది, తర్వాత పైనుంచి వచ్చిన బృందానికి, వాళ్ళ వెనక వచ్చిన మరో బృందానికి చెప్పింది. ప్రతివారూ చివర్లో ఒకటే అడిగేవారు: ముందే ఎందుకు పంపలేదు? ఫారంలో ఆ ప్రశ్నకు గడి ఉంది కనుక అడగక తప్పదు. నేను మాత్రం ఆ ప్రశ్న అడగలేదు. అంతకంటే ఘనకార్యం చేశాను. మంగళవారం స్టాఫ్ మీటింగులో ఆమె చెప్పడం పూర్తయ్యాక, "నాలుగు కాపీలు కావాలి సిస్టర్, కార్బను గట్టిగా నొక్కి రాయండి. లేకపోతే నాలుగో కాపీలో మనిషి బతికే ఉంటుంది" అన్నాను. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. అప్పుడు దాన్ని నా ప్రతిభకు రుజువనుకున్నాను.

అక్టోబరులో మైదానంలోని ఒక హాలులో మాకు ఉద్యోగ ఒత్తిడిని జయించే శిక్షణ ఒకరోజు ఇచ్చారు. శిక్షకుడు మంచివాడే, మెత్తటి గొంతు. కళ్ళు మూసుకుని, చల్లని అడవి దారిలో ఒంటరిగా నడుస్తున్నట్టు ఊహించుకోమన్నాడు. రోజూ అదే పని చేసి చేసి అలిసిన సగం మంది వెంటనే నిద్రపోయారు. ఆ విధంగా శిక్షణ ఫలించింది. పైడితల్లి మాత్రం లేచి బయటికి వెళ్ళిపోయింది. ఆమె పేరు ఎదురుగా "సహకరించలేదు" అని రాశారు. తిరుగు జీపులో నేను ఆ గొంతును అనుకరించి దారి పొడుగునా నవ్వించాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

పనసగుడలో ఆ రోజు ఇవన్నీ నేనింకా ఒకచోట చేర్చి చూసుకోలేదు. చేర్చింది సొన్నాయే. పిల్లను భుజాన వేసుకుంటూ సిస్టర్‌ను కసిరింది.

"ఏటే నర్సమ్మా, మల్లీ ఎనక్కొండ తిరిగొచ్చేవా? మలుపుకాడ ఆకెయ్యవా నువ్వు?"

సిస్టర్ మొహం మాడిపోయింది. ఏం ఆకని నేనడిగాను. దారిలో ఎవరైనా పోతే, ఆ చోట వచ్చేపోయే ప్రతివారూ ఒక పచ్చి రెబ్బ వేసి వెళ్తారట. ఎందుకని అడిగితే, సొన్నాయి నన్ను బడికి కొత్తగా వచ్చిన గుంటడిని చూసినట్టు చూసింది.

"మోసినోల్ల మీద బరువుండిపోద్ది గదా. తలో ఆకూ ఏత్తే దిగిపోద్ది. మా నలుగురూ అప్పుడే ఏసీసినారు. ఈ నర్సమ్మే ఎయ్యలేదు."

"నాను మొయ్యలేదు గదమ్మా" అంది సిస్టర్.

"సెయ్యట్టుకోని నడిసినావు గదే. మరదేటి?"

అప్పుడు చెప్పింది పైడితల్లి. చావు జరిగిన వారానికి ఆ దారిన వస్తే మలుపులో ఆకుల పోగు కనిపించిందట. మరుసటి వారానికి పెరిగింది. ఆపై వారానికి మోకాలెత్తయింది. "నా మీద కోపంతో పోగెడతన్నారనుకున్నాను మేస్టారూ. ఒక్కో ఆకూ ఒక్కో తిట్టనుకున్నాను."

సొన్నాయికి పొలమారినంత పనయింది. "తిట్టాలంటే మాకు నోరు లేదేటి? మద్దెన ఆకులు కొయ్యడమెందుకు, దండగ!"

పదమూడేళ్ళుగా ఆ కొండల్లో తిరుగుతున్న మనిషి ఒక్కమాట అడగలేదు. అడిగితే ఆ తిట్లు చెవులారా వినాల్సొస్తుందని భయం. రెండేళ్ళుగా వాళ్ళకు బోధిస్తున్న నేనూ అడగలేదు. నాకు భయం కూడా లేదు, తోచలేదంతే.

తిరుగుదారిలో సొన్నాయి పిల్లను ఎత్తుకుని మలుపు దాకా మాతో వచ్చింది. పోగు నిజంగానే పెద్దది. అడుగున ఎండినవి, పైన పచ్చివి. సిస్టర్ చాలాసేపు దూరంగా నిలబడింది. తర్వాత పక్క పొదలోంచి ఒక రెబ్బ విరిచి, వెళ్ళి వేసింది. కన్నీళ్ళు వస్తాయేమో, ఏం చెయ్యాలో అని నేను కంగారు పడుతున్నాను. "మబ్బట్టింది, బేగి పదండి" అంది ఆమె. నేనూ ఒక రెబ్బ వేశాను. నేను డోలీ మోయలేదు. నాలుగు కాపీలు అడిగాను.

కథ ఇక్కడ ఆపేస్తే బాగుండేదని తెలుసు. కాని మరుసటి గురువారం డైరీలో మళ్ళీ ఏడు, పదకొండు. ఆకు ఇంజక్షను కాదు. ఆమెకు విషయం తెలిసింది, కాళ్ళకు ఇంకా తెలియలేదు.

అందుకని ప్రతి గురువారం నేనూ వెళ్ళడం మొదలుపెట్టాను. టూర్ ప్రోగ్రాంలో "సిస్టర్‌కు తోడు" అని రాయడానికి వీల్లేదు. "జాయింట్ విజిట్" అని రాయవచ్చు. అది సూపర్వైజరు కింది సిబ్బంది పనిని తనిఖీ చేయడానికి పెట్టిన మాట, తోడు వెళ్ళడానికీ సరిగ్గా సరిపోయింది. చీలిక దగ్గర ఆమె ఎటు తిరిగితే అటు వెళ్ళేవాణ్ణి. ధైర్యవచనాలు చెప్పలేదు, అంత ఎక్కుడులో ఊపిరి కూడా ఉండేది కాదు. రెండు వారాలు కుడికే. మూడో వారం ఎడమకు తిరిగి, మలుపు కనిపించేదాకా వచ్చి, వెనక్కి మళ్ళింది. ఆ రోజు పనసగుడ చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. అదే రాయండన్నాను. రాసింది.

ఈలోగా నివేదిక పంపాను. డైరీలోని సమయాలు సరైనవని, దారి పొడవైనదని, ఆ దారి ఎందుకు పట్టిందో కారణమూ రాశాను. పైఅధికారి పిలిపించి, మనిషి చచ్చిపోయిన చోటల్లా దారి మార్చుకుంటే ఏజెన్సీలో ఉద్యోగం చేసేదెవరని అడిగారు. మార్చుకుని కూడా మానకుండా చేసిన మనిషి ఈవిడేనన్నాను. అనుమానముంటే ఒక గురువారం తమరే వచ్చి రెండు దారులూ నడిచి చూడవచ్చని మనవి చేసుకున్నాను. ఆయన ఫైలు మూసేశారు. నడకకంటే అది తేలిక.

తర్వాత డాక్టరుగారికి ఒక నోటు పెట్టాను. ఎవరి చేతుల్లోనైనా ఒక ప్రాణం పోతే, ఆ సిబ్బందిని ఆ దారిన నెలరోజులపాటు ఒంటరిగా పంపకూడదని కోరాను. జరిగింది ఆ మనిషి ఒక్కసారే చెప్పాలి, ఒకరు రాసుకోవాలి, మిగతావారంతా అది చదువుకోవాలి. ముందే ఎందుకు పంపలేదన్న ప్రశ్నకంటే ముందు, మీ పక్కన ఎవరున్నారని అడగాలి.

"దీనికి ప్రొవిజన్ ఎక్కడుందయ్యా?" అన్నారు డాక్టరుగారు.

"లేదని కూడా ఎక్కడా లేదు సార్."

సంతకం పెట్టారు. మరుసటి ఏడు ఇంకో సబ్‌సెంటర్లో ఒక బిడ్డ పోయినప్పుడు వచ్చిన బృందం, ఏఎన్ఎం నోటితోనే వింటామని పట్టుబట్టింది. కాగితం వాళ్ళ ముందు పెట్టి, ఆవిడ ఫీల్డులో ఉందన్నాను. నిజంగానే ఉంది. పొద్దున్నే, మరో సిస్టర్‌ను తోడిచ్చి పంపింది నేనే.

అంతకంటే ముందే, 1999 ఫిబ్రవరిలో ఒక మంగళవారం పైడితల్లి డైరీ నా బల్ల మీద పెట్టి, నీళ్ళు తాగడానికి వెళ్ళింది. అంతకుముందు గురువారం నేను వెళ్ళలేదు, జ్వరం. పనసగుడ: బయల్దేరినది 7.00, చేరినది 8.20. దాని కింద మిగతా రెండు ఊళ్ళ పేర్లు. నాకు రెండు మూడు జోకులు తోచాయి. సంతకం పెట్టి ఇచ్చేశాను.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, టూర్ డైరీ చేతికొస్తే ఊళ్ళ పేర్లకంటే ముందు నడక సమయాలు చూసేవాణ్ణి. అవి పెరిగిన చోట మెమో రాయలేదు. చెప్పులు వేసుకుని వెంట నడిచాను.