బోజ్ నాలుగు కాళ్ళూ

కొండల పైన సోన్-కుల్ సరస్సు ఒడ్డున, పశువుల మేతకని గుడారాలు వేసుకునే వేసవి మూడు నెలలూ జూరకాన్ కలలో నడుస్తున్నట్టే నడిచేది. పొయ్యిలో పిడకలు పేర్చేటప్పుడూ, ఆడగుర్రాల పాలు పితికేటప్పుడూ, గుడారానికొచ్చిన అతిథులకు రొట్టెలు కాల్చేటప్పుడూ ఆమె చూపు నీళ్ళ మీదే ఉండేది. ఆ నీళ్ళకు పూటకో రంగు. ఆ రంగుల్ని పట్టుకుని ఎక్కడైనా దాచుకోవాలని ఆమెకు పిచ్చి. ఆ పిచ్చిలో మాడిన రొట్టెలు ఎన్నో. నలభై దాటిన ఇల్లాలికి ఇదేం సరదా అని చుట్టుపక్కల గుడారాల ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకునేవారు. నొక్కుకోనీ, ఎవరి సొమ్మేం పోయింది?

ఈ పిచ్చి చూసి ఆమెకు కెమెరా ఇచ్చింది పెద్దమ్మ కూతురు గుల్‌సున్. కింద కొచ్కోర్ ఊళ్ళో కొండలెక్కే యాత్రికులకు డేరాలూ, నిద్రసంచులూ, కెమెరాలూ అద్దెకిస్తుంది. ఆ వసంతంలో ఒక పాత కెమెరా చెల్లెలి చేతిలో పెట్టి, కంబళి మీద మూడు లెన్సులు పరిచింది.

"ఒక్కటే తీసుకో. మిగతావి యాత్రికులకు కావాలి. ఇదిగో, ఈ పొట్టిదాంతో గుమ్మంలో నిలబడితే సరస్సంతా వచ్చేస్తుంది."

"అయితే ఇదే ఇవ్వక్కా."

"ఆగవే. ఈ పొడుగుదాంతో ఎదురుకొండ మీద అడవిమేక గడ్డం ఊపినా తెలుస్తుంది."

"అమ్మో! అయితే ఇదివ్వు."

"నీకు చెప్పేకంటే గొర్రెకు చెప్పుకోవడం నయం! పొట్టిదైతే నీ కొండలన్నీ చీమల పుట్టలైపోతాయి. పొడుగుదైతే పక్కనున్న మనిషిని తియ్యాలన్నా పక్క ఊరికి నడవాలి. ఈ నడిమిది పట్టుకెళ్ళు. దీని చుట్టూ ఉన్న ఈ పట్టీ ఇటు తిప్పితే వెడల్పు, అటు తిప్పితే దూరం. దేన్లోనూ మహారాణి కాదు, అన్నిట్లోనూ పనిమంతురాలు. అచ్చం నువ్వే."

"పొగిడావా, తిట్టావా?"

"రెండూను. గుర్రం మీద, గాలిలో, దుమ్ములో లెన్సులు మారుస్తూ కూర్చోలేవు. ఒకటి బిగించావంటే చలికాలం దాకా విప్పకు. దీనికి మసకవెలుగులో చూపు ఆనదు, అప్పుడు నీ చేతుల్ని నమ్మకు, దేనిమీదైనా ఆనించు. ఇంకో మాట. నిలబడ్డచోటే నిలబడి పట్టీ తిప్పకు. ఎక్కడ నిలబడాలో ముందు చూసుకో, తిప్పడం తర్వాత."

ఆ చివరి మాట జూరకాన్ ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసింది. వేసవంతా గుమ్మంలో నిలబడి హాయిగా పట్టీ తిప్పుకుంది. మబ్బులొచ్చాయి, పక్షులొచ్చాయి, అతిథుల పిల్లలొచ్చారు. మామగారి ఫోటో మాత్రం ఒక్కటీ లేదు.

ఎలా ఉంటుంది? కోడలన్నది మామగారి పేరు పలకకూడదు, ఆయనకు వీపు చూపకూడదు, మొహంలోకి సూటిగా చూడకూడదు. ఊళ్ళోని కొత్త కోడళ్ళు ఇవన్నీ గాలికొదిలేశారు గానీ, మామగారు ఒస్మొనాలీ గుడారంలో ఇంకా అదే మర్యాద. జూరకాన్ పెళ్ళయి వచ్చిన నాటినుంచి టీ కప్పు చూస్తూ అందిస్తుంది, రొట్టె చూస్తూ వడ్డిస్తుంది. ఆయన బూట్ల కుట్లు తెలుసు, చేతివేళ్ళ పగుళ్ళు తెలుసు. ఆయన బుగ్గ మీది పుట్టుమచ్చ ఎడమవైపా, కుడివైపా అని ఎవరైనా అడిగితే చెప్పలేదు పాపం.

ముసలాయన చెడ్డవాడేం కాదు. మాట తక్కువ, అంతే. ఒకరోజు కెమెరా అడిగి పుచ్చుకుని, పట్టీ చివరిదాకా తిప్పి, అవతల గుడారాల వైపు చూశాడు. "అరెరె, ఎసెన్‌తుర్ గాడు పెళ్ళాం పోసిన టీ తాగి మొహం ఎలా పెట్టాడో! ఉప్పెక్కువైనట్టుంది!" అని పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వు వింటూ కూడా కోడలు నేలే చూసింది.

ఆయన మాటలన్నీ బోజ్‌తోనే. అది ఆయన గుర్రం. పాలబూడిద రంగును వాళ్ళు బోజ్ అంటారు, దాని పేరూ అదే. ముసలిదైపోయింది, పళ్ళరిగిపోయాయి. మంచు తవ్వుకుని గడ్డి తినలేని గుర్రాన్ని చలికాలానికి మిగల్చరు. ఏం జరుగుతుందో అందరికీ తెలుసు, నోరెత్తి ఎవరూ అనరు. వేసవి అయిపోవచ్చింది. తెల్లారితే లారీ వస్తుంది, కొచ్కోర్ సంతకు తీసుకుపోతుంది. లారీ మాట్లాడింది ఒస్మొనాలీయే, ఇంకొకరి చేత చెప్పించుకునే మనిషి కాదు.

ఆ సాయంత్రం ఆయన గుడారం బయట నిలబడి నేలతో మాట్లాడినట్టు అన్నాడు.

"కోడలా, నన్నూ దీన్నీ ఒక ఫోటో తియ్యమ్మా. కాళ్ళు మాత్రం కొయ్యకు. మొన్నామధ్య ఎవడో అతిథి తీస్తే మోకాళ్ళ దాకానే వచ్చింది. నరికేసినట్టుంది. నాలుగు కాళ్ళూ ఉండాలి."

"అలాగే, అతా," అంది జూరకాన్. అత్తింట్లో అడుగుపెట్టిన నాటినుంచి ఆయన్ని అతా, అంటే నాన్నా అనే పిలుస్తుంది. పొద్దు అప్పుడే కొండ అంచుకు జారింది. ఈ వెలుగు పోతే ఇక గుర్రమే ఉండదు.

అలవాటుగా గుమ్మంలోనే నిలబడి, వెడల్పుగా తిప్పి తీసింది. ముసలాయన వచ్చి కెమెరా వెనక బొమ్మ చూసి పెదవి విరిచాడు. "ఇది గుర్రమటమ్మా? మేక కాళ్ళ మీద పీపా పెట్టినట్టుంది!"

నిజమే. దగ్గరగా ఉన్న తల ఇంత లావు, కాళ్ళు ఇంతింత. అక్కణ్ణుంచే పట్టీ అటు తిప్పింది. కాళ్ళు తెగిపోయాయి. పైగా ముసలాయన గడ్డమెత్తి, పోలీసు ముందు నిలబడ్డవాడిలా బిగుసుకుపోయాడు. జూరకాన్ కెమెరా దించింది. అప్పుడు గుర్తొచ్చింది అక్క మాట. ఎక్కడ నిలబడాలో ముందు చూసుకో.

దూరం పోవాలి. తిరిగి నడిస్తే మామగారికి వీపు చూపినట్టవుతుంది. అందుకని వెనక్కి వెనక్కి అడుగులేస్తూ పోయింది. గుర్రప్పిల్లల్ని కట్టే తాడు తగిలి తూలింది. ఒక కుక్క తోక తొక్కి తిట్లు తిన్నట్టు మొరిగించుకుంది. వాగులో కాలు దిగి బూటు నిండా నీళ్ళు. "ఎక్కడిదాకా పోతావే, కొచ్కోర్‌కా?" అని ముసలాయన అరిచాడు. ఆ తర్వాత అరిచిందేదో గాలి ఎత్తుకుపోయింది.

చివరికి పక్క గుడారం వాళ్ళ పిడకల కుప్ప వీపుకు తగిలింది. దాని వెనక్కి పోయి, కెమెరా దాని మీద ఆనించి, పట్టీ చివరిదాకా తిప్పింది.

బోజ్ నిలబడి ఉంది, ఎలాంటి గుర్రమో అలాగే. నాలుగు కాళ్ళూ గడ్డిలో తిన్నగా దిగి ఉన్నాయి. దూరాన ఎక్కడో ఉండే కొండలు చెప్పకుండా వచ్చిన చుట్టాల్లా దాని వెనకే వచ్చి నిలబడ్డాయి. సరస్సు వెండి పట్టీలా సన్నగా, నిశ్శబ్దంగా ఉంది. గుర్రం, మనిషి, నీళ్ళు అన్నీ ఒకే పలచటి బంగారు వెలుగులో తేలుతున్నాయి.

ముసలాయన చూసి చూసి విసిగాడు. కోడలు చుక్కంత అయిపోయింది, ఇక ఫోటో లేదు గీటో లేదు అనుకున్నట్టున్నాడు. బిగుసుకున్న భుజాలు జారాయి. టోపీ తీశాడు. గుర్రం నుదుటికి తన నుదురు ఆనించాడు. పెదవులు కదులుతున్నాయి. ఏదో చెబుతున్నాడు, చాలాసేపు చెప్పాడు. బోజ్ చెవులు ముందుకు పెట్టి విన్నది.

జూరకాన్ ఆయన మొహం చూసింది. ఇన్నేళ్ళకు మొదటిసారి, తనివితీరా. ముడతల్లోకి కన్నీళ్ళు దిగుతున్నాయి. పుట్టుమచ్చ ఎడమ బుగ్గ మీద ఉంది. ఈ మనిషి ఇంత మెత్తనివాడా అని ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. ఊపిరి బిగబట్టి మీట నొక్కింది.

తెల్లారి లారీ వచ్చింది, పోయింది. తొలి మంచుకు గుడారాలు విప్పి అందరూ ఊళ్ళోకి దిగారు. గుల్‌సున్ ఆ ఫోటో పెద్దగా అచ్చువేయించి పంపింది. ఒస్మొనాలీ దాన్ని కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి, వేలితో కాళ్ళు ఒక్కోటీ తడిమాడు. నాలుగూ ఉన్నాయి. జూరకాన్ కప్పు చూస్తూ టీ అందించింది.

"ఆ రోజు చాలా దూరం పోయావు కదమ్మా?"

"చాలా దూరం, అతా. మీరు చెప్పిందేదీ వినబడలేదు. మొహం కూడా ఆనలేదు."

ముసలాయన కాసేపు టీ ఊదుకున్నాడు.

"ఎసెన్‌తుర్ గాడి టీలో ఉప్పు కనబడిన అద్దంలో నా మొహం ఆనలేదా?"

జూరకాన్‌కు చెవులు కాలిపోయాయి. తల ఇంకా కిందికి దించుకుంది. కప్పు కింద పెట్టిన చప్పుడైంది.

"వినబడలేదన్నావు చూడు, అది మంచిదైంది. అది మా ఇద్దరి మాట," అన్నాడు. "ఇకమీదట నన్ను చూడ్డానికి మాత్రం అంత దూరం పోనక్కర్లేదు. ఇటు చూడు, బిడ్డా."

జూరకాన్ తలెత్తి చూసింది. పుట్టుమచ్చ ఎడమవైపే ఉంది.