గీతకీ రంగుకీ మధ్య తెలుపు

నా చిన్నప్పుడు పెడనలో మా తాతయ్య కలంకారీ అద్దకానికి టేకుచెక్క మీద అచ్చులు చెక్కేవాడు. మూడో తరగతితో బడి మానేసిన నేను ఆయన పక్కన కూర్చుని, రాలిన చెక్కపొట్టు పొయ్యిలోకని ఎత్తి దాచేదాన్ని.

ఆయన దగ్గర చిరుగుల నమూనా కాగితం ఒకటుండేది. విక్టోరియా రాణి కాలంలో ఎవరో ఇంగ్లీషు దొర బట్టల మిల్లు కోసం గీసినది. కింద మిల్లు పేరుంది, గీసినవాడి పేరు లేదు. గీతకీ రంగుకీ మధ్య నూలుపోగంత తెలుపు వదలడం తాతయ్య ఆ కాగితం చూసే నేర్చుకున్నాడు. ఆ తెలుపుంటే చెయ్యి కాస్త జరిగినా రంగు గీత దాటదు.

తాతయ్య చెక్కిన కొమ్మల అచ్చు చూపించి మా ఊరి షావుకారు బొంబాయి బేరగాళ్ళతో "ఈ గీత నాదే" అన్నాడు. తాతయ్యా నేనూ గుమ్మం బయటే ఉండి విన్నాం. తాతయ్య ఏడుస్తాడనుకున్నాను. ఇంటికొచ్చి ఉలి నూరాడు.

షావుకారు అదే గీతతో కొత్త అచ్చుల జత, గీతకొకటీ రంగుకొకటీ, అడిగితే చెక్కి ఇచ్చాడు. రంగు అచ్చులో ఆ తెలుపు మాత్రం వదల్లేదు. బేరగాళ్ళు మళ్ళీ వచ్చిన రోజున షావుకారు గొప్ప కోసం పంచె ఎగ్గట్టి తానే అద్దాడు. ఎరుపు గీత దాటి పాకింది. ఒక్క పూరేకూ రేకులా మిగల్లేదు.

తాతయ్య చేతులు కట్టుకుని, "గీత తమరిదే కదండీ. తేడా ఎక్కడొచ్చిందో తమరే సెలవియ్యండి" అన్నాడు. అప్పుడు తాతయ్య తన పాత అచ్చుతో అద్ది చూపించాడు. ఆ తెలుపేమిటని బేరగాళ్ళు అడిగితే, "ఇది నాది కాదు బాబూ, ఓ దొరది. ఆయన పేరూ ఇలాగే మింగేశారు" అన్నాడు. ఆనాటి నుంచి బేరం నేరుగా మా ఇంటికే వచ్చింది. షావుకారు మా వీధిలో నడవడం మానేశాడు. ఆ పూట పచ్చడి మెతుకులు నాకెంత రుచిగా ఉన్నాయో!

ఇప్పుడు విదేశంలో, హెండర్సన్ అనే ఊళ్ళో మనవరాలి ఇంట్లో ఉంటూ, వాళ్ళు పారేసే దుప్పట్లు చించి సంచులు కుట్టి, అచ్చులు అద్దుతున్నాను. మొన్న సంతలో చూస్తే మన తెలుగావిడే నా కొమ్మల గీత కాపీ కొట్టి, సొంత పేరు చీటీ తగిలించి అమ్ముతోంది. దొంగని తిట్టకూడదు, పదిమందిలో ఆ పని చేసి చూపించమనాలి. తాతయ్య నాకిచ్చిన ఆస్తి అదొక్కటే. శనివారం కాగితం, పెన్సిలు పట్టుకెళ్ళి, "ఏదమ్మా, ఓ కొమ్మ గియ్యి చూద్దాం" అంటాను.

మనవరాలు కారు తియ్యనంటోంది. "వదిలెయ్ అమ్మమ్మా, ఆంటీ ఫీలవుతారు."

"ఫీలవ్వాలనే వెళ్తున్నానే" అన్నాను. పెద్దవాళ్ళకిక్కడ బస్సు ఉచితం.