శ్రీనివాసరావు గారిని అడగండి

ఏలూరు కొత్త జిల్లా అయిన మరుసటి ఏడాది నన్ను అక్కడ దివ్యాంగుల సంక్షేమ విభాగంలో అధికారిగా వేశారు. అదే నా ఆఖరి పోస్టింగు. స్థానిక స్థాయి కమిటీకి కన్వీనరుగా ఉండటం ఆ ఉద్యోగంలో ఒక భాగం. బుద్ధిమాంద్యం వంటి ఎదుగుదల లోపాలున్నవారికి, పెద్దవాళ్ళయ్యాక, చట్టప్రకారం సంరక్షకుణ్ణి నియమించాలా వద్దా అన్నది ఈ కమిటీయే తేలుస్తుంది. కలెక్టరు గారు అధ్యక్షులు. ఒక స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, వైకల్యం ఉన్న ఒక వ్యక్తి సభ్యులు.

ఆ రెండో సభ్యురాలు సత్యవతి గారు. పుట్టింది తాడేపల్లిగూడెంలో, ఉండేది ఏలూరులో అక్కగారింట్లో. వయసు యాభై దాటింది. ఆవిడదీ బుద్ధిమాంద్యమే, చదువు రాదని రెండో తరగతిలోనే బడివాళ్ళు ఇంటికి పంపేశారట. అటువంటి పిల్లలున్న తల్లిదండ్రుల సంఘం సమావేశాల్లో పిల్లల్ని, అంటే నలభై ఏళ్ళవాళ్ళని కూడా, బిస్కెట్లిచ్చి వరండాలో కూర్చోబెట్టేవారు. ఈవిడ తన కుర్చీ తనే మోసుకుని లోపలికి వెళ్ళేవారట. బయటికి పంపితే మళ్ళీ వచ్చేవారట. తమ సంగతి తమనే అడగాలని జీవితమంతా ఊరూరా తిరిగి చెప్పారు. ఇలాంటివారిని మా శాఖలో సెల్ఫ్ అడ్వకేట్లు అంటాం. ఒకసారి కొత్తగా వచ్చిన డాక్టరు గారు ముద్దుగా, ఏం పాపా, టిఫిను తిన్నావా అని అడిగితే, తిన్నాను బాబూ, నువ్వు తిన్నావా అన్నారు. ఆయన మళ్ళీ పాపా అనలేదు.

ఒక రోజు కమిటీ ముందున్న దరఖాస్తుదారు కొల్లేరు లంక గ్రామం నుంచి వచ్చిన ఒక మేనమామ. మేనల్లుడు శ్రీనివాసరావుకి ముప్పై దాటాయి, అయినా ఇంటిల్లిపాదికీ చంటి. తల్లి పోయింది. చేపల చెరువు గట్టు మీద పాకలో ఉంటూ మేత వేస్తుంటాడు. తనను పూర్తి సంరక్షకుడిగా వేస్తే చంటిని తాడేపల్లిగూడెం వైపు ఒక హోములో చేర్పిస్తానని మేనమామ అభ్యర్థన. చెడ్డవాడు కాదు. వయసు మీదపడి, తన తర్వాత వీడి గతేమిటని భయపడుతున్నవాడు. ఉత్తర్వు వచ్చిందంటే మాత్రం ఆ పాక, ఆ చెరువు చంటికి ఇక లేనట్టే.

అడిగినవాటన్నిటికీ మేనమామే జవాబు చెప్పాడు. నువ్వు చెప్పవయ్యా అని కలెక్టరు గారంటే చంటి నవ్వి మేనమామ వంక చూశాడు. హోముకి వెళ్తావా అంటే తల ఊపాడు. ఇక సంతకాలే తరువాయి.

సత్యవతి గారు కుర్చీ జరుపుకుని అతనికి ఎదురుగా కూర్చున్నారు.

"శ్రీనివాసరావు గారండీ, మీరు ఎక్కడ ఉంటారండీ?"

అతను వెనక్కి తిరిగి చూశాడు. తన వెనకాల ఎవరో పెద్దమనిషి ఉన్నారనుకున్నాడు. అక్కడ గోడ తప్ప ఏమీ లేదు. మా వైపు దారినపోయే మనిషినైనా ఏవండీ అనే పిలుస్తాం. ఈ మనిషిని మాత్రం పుట్టి బుద్ధెరిగాక ఎవరూ మీరు అనలేదు.

మేనమామ నోరు తెరవబోతే ఆవిడ చెయ్యెత్తి ఆపారు. బయట ఇంకా కేసులున్నాయి, నాకు విసుగొచ్చింది. ఆవిడకి రాలేదు.

"మిమ్మల్నేనండీ," అన్నారు మళ్ళీ.

"చెరువు కాడండి," అన్నాడు చివరికి. "ఆడికెల్తే మేతెవరేత్తారండి? నేనెల్లనండి."

మేనమామ తెల్లబోయాడు. వాడి నోట వద్దన్న మాట ఇన్నేళ్ళలో వినలేదండీ అన్నాడు. పెన్షను, బ్యాంకు పనుల వరకే ఆయన్ని సంరక్షకుడిగా వేసి, నివాసం శ్రీనివాసరావు గారి ఇష్టమని కలెక్టరు గారు ఉత్తర్వు రాయించారు.

నిరుడు సత్యవతి గారికి ఏలూరులో సన్మానం చేశారు. లోపాన్ని జయించిన మహిళ అని వక్తలు పొగిడారు. ఆవిడంటే నాకు వాళ్ళకన్నా ఎక్కువ గౌరవమే, కానీ కారణం వేరు. తల ఊపడాన్ని అంగీకారంగా రాసుకోవడం మా ఉద్యోగాల్లో రోజూ జరిగే పని. ఎదుటి మనిషి వద్దు అనగలిగేలా అడిగామా లేదా అన్నది ముందు చూసుకోవాలి. వద్దు అనే వీలున్న మనిషి అవునంటేనే అది అవును.