వాస్తు ప్రకారం సౌరశక్తి

దేశం బొగ్గును ఎలా వదిలించుకోవాలన్న సదస్సులకు విలేకరిగా బాపట్ల వెళ్లినప్పుడల్లా నాకు మంచి నిద్ర పట్టేది. ఏసీ హాలు, తెర మీద బాణం గుర్తులు. విదేశీ బ్యాంకు మన బ్యాంకుకు ఇస్తుంది, మన బ్యాంకు చిన్న పరిశ్రమకు ఇస్తుంది, ఆ పరిశ్రమ డాబా మీద సోలార్ ప్యానెళ్లు పెట్టుకుంటుంది, ఎక్కడో బొగ్గు కాలడం తగ్గుతుంది. ఆ బాణాల్లో చివరిది మా బావ నెత్తిన దిగుతుందని మాత్రం అనుకోలేదు.

బావకు రేపల్లెలో పసుపు, కారం పట్టే మిల్లుంది. కరెంటు బిల్లులు కట్టలేక మూసేద్దామనుకుంటున్న రోజుల్లో ఈ అప్పు దొరికింది. షరతు ఒకటే. ప్యానెళ్లు చెప్పినంత కరెంటు ఇస్తున్నాయని తనిఖీ అధికారి రాస్తేనే సబ్సిడీ. రాయకపోతే భారమంతా బావదే. అంటే మిల్లుకు తాళమే.

తనిఖీ పది రోజులుందనగా తెనాలి నుంచి వెళ్లాను. డాబా ఎక్కి చూస్తే ప్యానెళ్లన్నీ ఉత్తరానికి వాలి ఉన్నాయి. అసలే ధనుర్మాసం, సూర్యుడు దక్షిణాన నడిచే రోజులు.

"ఇదేంటి బావా?"

"దక్షిణానికి వాలు పెడితే లక్ష్మి నిలవదంటరా. వాస్తు సిద్ధాంతిగారు చెప్పారు."

"బిగించినవాళ్లు ఏమీ అనలేదా?"

"సూర్యుడు అటున్నాడు సార్ అన్నారు. వాళ్లకేం తెలుసురా వాస్తు!"

మీటరు చూశాం. చెప్పినదానికి బాగా తక్కువ చూపిస్తోంది. "తిప్పిస్తే దోషం, తిప్పకపోతే తాళం" అని బావ తల పట్టుకుని కూర్చున్నాడు.

ఏ వార్తకైనా రెండో పక్షాన్ని కూడా అడగడం మాకు నేర్పిన మొదటి పాఠం. సిద్ధాంతి ఉండేది తెనాలిలోనే. మర్నాడు పొద్దున్నే ఆయనింటికి వెళ్లాను. ఆయన డాబా మీద కూడా ప్యానెళ్లున్నాయి. నిగనిగలాడుతూ దక్షిణం చూస్తున్నాయి.

"ఏంటండి ఇది?" అన్నాను.

ఆయన తడుముకోలేదు. "అద్దె ఇల్లండి. దోషం ఓనరుకి తగులుద్ది. కరెంటు మనం వాడుకుంటాం."

ఇన్నేళ్ల ఉద్యోగంలో ఏ మంత్రీ నాకింత సూటిగా వివరణ ఇవ్వలేదు.

ఫోన్‌లో బావకు ఈ సంగతి చెప్పాను. బావ మెల్లగా అన్నాడు. "మిల్లు మీ అక్క పేరునే ఉంది కదరా. ఆడవాళ్ల పేరునైతే వడ్డీ తక్కువని బ్యాంకువాళ్లే రాయించారు."

వెనక నుంచి అక్క గొంతు వినపడింది. "ముప్ఫై ఏళ్లుగా మిమ్మల్ని నెత్తిన పెట్టుకుని మోస్తున్నా. ఈ దోషం నాకో లెక్కా? తిప్పించండి!"

సాయంత్రానికల్లా తిప్పించాడు. తనిఖీ అధికారి వచ్చి, ఆ వారం మీటరు లెక్కలు చూసి, సంతకం పెట్టాడు. బావ ఆయనతో పాటు డాబా ఎక్కాడు గానీ, దక్షిణం వైపు చూడకుండానే దిగాడు.