ఊట్లగూడ రోడ్డు మీద ఎవరూ చనిపోలేదు

శంషాబాద్ బస్టాండు వెనక సందులో, మందుల దుకాణం మీది అంతస్తులో ఉంటుంది ఎమ్మెల్సీ అనుపమ మేడం ఆఫీసు. అక్కడ జనం తెచ్చే అర్జీలు చూసేవాణ్ణి నేను, రవీందర్‌ను. ఉండేది బడంగ్‌పేట్‌లో. నాకు ముక్కు మీద కోపమని మా ఇంటావిడ సునీత అంటుంది. పొద్దస్తమానం కడుపు మండినవాళ్ల మొర వింటూ కూర్చుంటే కోపం రాక ఇంకేం వస్తుంది?

రుక్కమ్మ మొదటిసారి వచ్చినప్పుడు నెత్తిన పుంటికూర గంప ఉంది. గంప బయట పెట్టి రమ్మన్నాను. మెట్ల కింద మేకలున్నాయి, అవి తింటే నువ్విస్తావా అన్నట్టు నా వంక చూసి, గంపతోనే లోపలికి వచ్చి కూర్చుంది. నలభై దాటిన మనిషి. ఎండకు కమిలిన ముఖం, నారపోగుల్లాంటి చేతులు. ఆఫీసుల్లో మాట్లాడటం అలవాటు లేనివాళ్లు ముందు ఫ్యాను వైపు చూస్తారు, తర్వాత గోడ మీది ఫోటోల వైపు చూస్తారు. నేను కాగితాలు సర్దుకుంటూ ఆగాను.

ఆమెది ఊట్లగూడ. కొత్వాల్‌గూడ దాటి హిమాయత్‌సాగర్ వైపు దిగుతుంటే వచ్చే చిన్న పల్లె. పుట్టిల్లు రావిర్యాల. పెళ్లయి వచ్చిననాడు మామగారికి నాలుగెకరాల చెలక ఉండేదట. ఎయిర్‌పోర్టు వచ్చింది, దాని వెంట పెద్ద రోడ్డు వచ్చింది, చెలక అందులో కలిసిపోయింది. మిగిలిన అరెకరం రోడ్డుకు అవతల పడింది, ఇల్లు ఇవతల ఉండిపోయింది. ఆ అరెకరంలోనే పాలకూర, మెంతి, పుంటికూర వేసుకొని ఆమె, పెనిమిటి బాలమల్లు బతికారు. కోడి కూయగానే రోడ్డు దాటి పోయేవారు, మూటలు నెత్తిన పెట్టుకొని మళ్లీ రోడ్డు దాటి వచ్చేవారు. ఆ రోడ్డు మీద బండ్లు ఎట్లా వస్తాయో చూసినవాళ్లకే తెలుసు. విమానం తప్పిపోతుందని గుండె గుబగుబలాడేవాడు బ్రేకు మీద కాలు పెడతాడా?

బాలమల్లుకు ఆ రోడ్డు మీదే కారు తగిలింది. మూడేళ్లయింది. ఇప్పుడు ఆమె, అత్త లచ్చమ్మ, బిడ్డ కవిత ఉన్నారు. కవిత డిగ్రీ చదువుతోంది. కాలేజీ బస్సు ఆగేది అవతల వైపు. పోయిన వానాకాలం ఏదో బండి అద్దానికి చున్నీ చిక్కుకొని కిందపడి మోచెయ్యి విరగ్గొట్టుకుంది. కట్టు విప్పిన మర్నాడే రుక్కమ్మ మా ఆఫీసు మెట్లెక్కింది.

“రోడ్డు కిందికెళ్లి ఒక తొవ్వ కావాలె సారూ. ఆయన పోయిండు. ఇగ నా బిడ్డనన్న బతకనియ్యిండ్రి,” అంది.

మీ ఆయన అక్కడికక్కడే పోయాడా అని అడిగాను. బండి ఆడనే తగిలిందని చెప్పి, గంపలోని కట్టలు సర్దడం మొదలుపెట్టింది. నేను పట్టించుకోలేదు.

అర్జీలు అప్పటికే ఊరివాళ్లు ఎన్నో ఇచ్చి ఉన్నారు. అవి చెవిటివాడి ముందు ఊదిన శంఖాలు. అందుకని ఈసారి మేడం ప్రభుత్వాన్ని రాతపూర్వకంగా ప్రశ్న అడుగుతానన్నారు. సభలో సభ్యులు రాసి అడిగిన ప్రశ్నకు ప్రభుత్వం రాసి జవాబు చెప్పి తీరాలి. ఆ ప్రశ్న రాసేందుకు ఒక పద్ధతుంది. మొదట ఫలానా సంగతి వాస్తవమేనా అని అడగాలి. వాస్తవమైతే ఏం చేస్తున్నారని తర్వాత అడగాలి. ఎప్పటిలోగా చేస్తారని చివర అడగాలి. నేను రాశాను: (అ) ఊట్లగూడ వద్ద రోడ్డు దాటుతూ ప్రజలు మరణిస్తున్న మాట వాస్తవమేనా, (ఆ) అయినచో, అక్కడ రోడ్డు కింద దారి నిర్మించే ప్రతిపాదన ఏదైనా ఉన్నదా, (ఇ) ఉన్నచో, ఎప్పటిలోగా పూర్తి చేస్తారు?

చదివి వినిపిస్తే రుక్కమ్మ నోరు తెరుచుకొని విన్నది. తన మాట గవర్నమెంటు చదువుతుందా అని రెండుసార్లు అడిగింది. చదవక తప్పదని చెప్పాను. పోతూ పోతూ బల్ల మీద రెండు పుంటికూర కట్టలు పెట్టింది. వద్దంటే వినలేదు.

సమావేశాలయ్యాయి. జవాబు వచ్చింది.

(అ) కాదండి. (ఆ), (ఇ) ప్రశ్న ఉత్పన్నం కాదు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మొదటి మెట్టు మీద కాదనేస్తే పై మెట్లన్నీ వాటంతటవే కూలిపోతాయి, అదీ ఆ పద్ధతిలోని తిరకాసు. వెంటనే సంబంధిత శాఖలో అధికారికి ఫోన్ చేసి నాలుగు మాటలు గట్టిగానే అన్నాను. ఆయన కోస్తా మనిషి, నెమ్మదస్తుడు. నేను అరిచినంతసేపూ విని, అలా కోప్పడితే ఎలాగండీ అన్నాడు. ఊట్లగూడలో ఈ పదేళ్లలో పోయినవాళ్లందరూ ఎవరింట్లో వాళ్లు పోయినవాళ్లేనట. ఆ రోడ్డు మీద చనిపోయినట్టు ఒక్క కేసు లేదు, ఒక్క పోస్టుమార్టం లేదు. బాలమల్లు కూడా ఇంట్లోనే పోయాడని పంచాయతీలో రాయించింది భార్యేనట. నేను లేనిది ఉందని ఎలా రాయనండీ అన్నాడు.

బండి తీసుకొని నేరుగా ఊట్లగూడ పోయాను. రుక్కమ్మ అవతలి మడిలో కూర్చొని కూర కట్టలు కడుతోంది. జవాబు కాగితం ముందు పెట్టి, ఏందమ్మా ఇది, నన్ను పిచ్చోణ్ణి చేసినవా అని అరిచాను. ఆమె కట్టడం ఆపలేదు. కొంచెం సేపటికి గడ్డి మీద చేతులు తుడుచుకొని చెప్పింది.

వాళ్ల ఊళ్లో ఒక కట్టడి ఉంది. ఊరి బయట ప్రాణం పోయిన మనిషిని పొలిమేర దాటి లోపలికి తేనివ్వరు. తెస్తే ఊరికి అరిష్టమంటారు. శవాన్ని బయటే ఏ తుమ్మచెట్టు కిందో పడుకోబెట్టి, స్నానం అక్కడే చేయించి, అటు నుంచి అటే తీసుకుపోవాలి. ఇంటి గడప చూడనివ్వరు, వాకిట్లో దీపం పెట్టనివ్వరు. కన్నతల్లి అయినా పొలిమేర దాకా వెళ్లి చూసి రావలసిందే. అందుకే పొలిమేర అవతలున్న రోడ్డు మీద ఎవరు పోయినా, ఇంటివాళ్లు ఆటోలో వేసుకొని కొన ఊపిరి ఉంది, తప్పుకోండని అరుచుకుంటూ ఊళ్లోకి తెచ్చేస్తారు. ఇంట్లో దించాక అప్పుడే పోయాడని ఏడుస్తారు. దవాఖానకు తీసుకుపోతే సంగతి బయటపడుతుంది కాబట్టి ఎవరూ పోరు. పోలీసులకు చెప్పరు. ఒక్క రుక్కమ్మ చేసిన పని కాదిది. రోడ్డు పడ్డప్పటి నుంచీ నాలుగైదు ఇళ్లలో ఇదే జరిగింది. ఎవరి అబద్ధం వాళ్ల ఇంట్లో దాచుకున్నారు. అన్నీ కలిసి సర్కారు లెక్కలో, ఆ రోడ్డు మీద ఎవరూ చావలేదని తేలింది.

“నేను ఉరికిపోయేసరికే ఆయన లేడు సారూ. మా మరిది ఆటోల ఏసుకొని, ఊపిరి ఉన్నదని నేనే మొత్తుకున్న. మా అత్త ఒడిల పండవెట్టిన,” అంది.

మరి ఈ మాట ఇప్పుడన్నా చెప్పొచ్చు కదా అన్నాను. నావంటివాడికి చెప్పడం తేలిక.

“కడుపు చించుకుంటే కాళ్ల మీద పడ్తది. ఊరి సంగతి పోనియ్యిండ్రి. నా కొడుకు నా ఒడిలనే కన్ను మూసిండని మా అత్త చెప్పుకోని బతుకుతున్నది. గదొక్కటే ఉన్నది ఆమెకు. గది గూడ నేనే గుంజుకోవాల్నా?”

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. తిరిగి రోడ్డు దాటేటప్పుడు ఆమే ముందు నడిచి, చెయ్యెత్తి బండ్లను ఆపి నన్ను దాటించింది.

మేడంకు చెప్పాను. వచ్చే సమావేశాల్లో మళ్లీ అడుగుతానన్నారు, కాని ఈసారి ఊరే నోరు విప్పాలన్నారు. ఊరు కాదన్నదాన్ని సభలో అవునని ఎవరనగలరు? ఆ శాఖ అధికారిని వెంటబెట్టుకొని తానే ఊట్లగూడ వస్తానని కబురు పెట్టారు. చెప్పేవాళ్లు ఆయన ముందు చెప్పాలి, ఆయన రాసుకుంటాడు.

ఆ రోజు పంచాయతీ ఆఫీసు ముందు రేకుల కింద ఊరంతా కూర్చుంది. ఒక మూల లచ్చమ్మ గోడకు ఆనుకొని కూర్చొని ఉంది. మేడం సంగతి విడమరిచి చెప్పి, రోడ్డు మీద ఎవరినైనా పోగొట్టుకున్నవాళ్లు ముందుకు రమ్మని అడిగారు. ఎవరూ కదల్లేదు. ఊరి పెద్ద చెన్నయ్య లేచి, ఊళ్లో అటువంటిదేమీ లేదు, తొవ్వ ఇస్తే ఇయ్యండి, లేకుంటే లేదన్నాడు. ఆయన కొడుకు చందు కూడా రెండేళ్ల కింద ఇంట్లోనే పోయాడని ఊరు చెప్పుకుంటుంది. కోస్తా అధికారి కలం మూత పెట్టబోయాడు.

రుక్కమ్మ లేచింది. కవిత చెయ్యి పట్టుకొని ఉంది, వదల్లేదు. అత్త వైపు మాత్రం చూడలేదు. బాలమల్లు రోడ్డు మీదే పోయాడని, శవాన్నే ఊళ్లోకి తెచ్చానని, అబద్ధం తనదేనని, శిక్ష ఏమైనా ఉంటే తనకే వెయ్యమని చెప్పింది. తన బిడ్డ రోజూ అదే చోట దాటుతోందని చెప్పి కూర్చుంది.

చెన్నయ్య మండిపడ్డాడు. ఊరిని మైల చేసిందన్నాడు. బోర్లు ఎండిపోయింది అందుకేనన్నాడు, పసిపిల్లలకు జ్వరాలొచ్చింది అందుకేనన్నాడు. వినేవాళ్లలో కొందరు తలలూపారు కూడా. నాకు లేచి ఆయన గల్లా పట్టుకోవాలనిపించింది. మేడం నా మోచెయ్యి నొక్కి కూర్చోబెట్టారు.

అప్పుడు లచ్చమ్మ గోడ పట్టుకొని లేచి నిలబడింది.

“దాన్నెందుకు తిడ్తవు చెన్నయ్యా? ఆని నోట్లె నీళ్లు పోసింది నేను. ఒక్క బొట్టన్న గొంతు దిగలే. అన్నీ నా కొంగు మీదనే పడ్డయి. కన్నతల్లిని, నాకు ఎరుక గాదా? నా కోడలు గంత తిప్పలు పడి నా కొడుకును నా ఒడికి తెచ్చిచ్చింది. అది చిన్నబుచ్చుకుంటదని నేను సప్పుడు జెయ్యలే.”

ఇన్నేళ్లూ అత్త కోసం కోడలు దాచింది, కోడలి కోసం అత్త దాచింది. ఒకే గిన్నెలో గంజి తాగుతూ ఒకరికొకరు అదే అబద్ధం చెప్పుకున్నారు. రుక్కమ్మ రెండు చేతులతో ముఖం కప్పుకుంది. లచ్చమ్మ అధికారి వైపు తిరిగి, రాసుకో బిడ్డా, నా కొడుకు బాలమల్లు ఆ రోడ్డు మీదనే పోయిండు, నేను చెప్తున్న అంది. ఆయన తల వంచుకొని రాసుకున్నాడు.

చెన్నయ్య తలకు చుట్టిన తువ్వాల తీసి చేతిలో పట్టుకున్నాడు. తర్వాత ఎవరి వైపూ చూడకుండా, “మా చందుగాడు గూడ ఆడనే,” అన్నాడు. ఆ తర్వాత ఇంకో ఇల్లు లేచింది, ఆ వెనక ఇంకో ఇల్లు. పొద్దుగూకేదాకా చెప్పారు.

ప్రశ్న మళ్లీ వేశాం. మాట మార్చలేదు, పోయినసారి రాసినట్టే రాశాను. జవాబు వచ్చిననాడు నేనే కాగితం తీసుకొని ఊట్లగూడ పోయాను. రోడ్డు దగ్గర పని ఇంకా ఏమీ మొదలుకాలేదు. బండ్లు అట్లాగే దూసుకొస్తున్నాయి. కవిత కాలేజీ నుంచి ఇంకా రాలేదు, రుక్కమ్మ రోడ్డు వైపే చూస్తూ గుమ్మంలో నిలబడి ఉంది. లచ్చమ్మ మంచంలో లేచి కూర్చొని, చదవమంది. రోడ్డు కింద దారి కట్టే ప్రతిపాదన పరిశీలనలో ఉందని, కొలతలు తీయిస్తున్నారని చెప్పబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. దారి మాట తర్వాత, మొదటిదానికి ఏం రాశారని అడిగింది.

“అవునండి అని రాసిండ్రవ్వా.”

“అంటే, నా కొడుకు ఆడనే పోయిండని సర్కారు ఒప్పుకున్నట్టేనా?”

“ఒప్పుకున్నది.”

కొడుకు తన ఒడిలోనే పోయాడని ఊరంతా చెప్పుకున్న తల్లి ఆ రోడ్డును చూసి ఏడవడానికి ఇన్నాళ్లూ వీలు లేకపోయింది. ఇప్పుడు మంచం దిగి, వాకిట్లోకి నడిచి, రోడ్డు వైపు తిరిగి నేల మీద కూలబడింది. బాలమల్లూ, నా కొడకా అని గుండె బాదుకుంటూ, పీనుగ అప్పుడే వాకిట్లోకి వచ్చినట్టు ఏడ్చింది. రుక్కమ్మ పోయి పక్కన కూర్చుంది. ఊరుకోమని మాత్రం అనలేదు.