చెరిపితే కూలే గోడ

పూతలపట్టు ఏబెల్ బేల్దారి పనివాడు. కూతురు ప్రసన్నకుమారి తిరుపతిలో కంప్యూటర్ కంపెనీలో చేరినప్పటి నుంచి ఆయనకు ఒకటే తంటా. పిల్ల ఆడ ఏం పని చేస్తాది అని ఎవరైనా అడిగితే చెప్పడానికి మాట లేదు. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఆమే నాయనను కూర్చోబెట్టి వివరించింది.

కొండకొచ్చే యాత్రికులు ఫోనులో "బస్టాండు దగ్గర, వేడినీళ్లు, లిఫ్టు" అని కొడితే, అలాంటి గదులున్న లాడ్జీలను వెతికి చూపించే యంత్రం వాళ్లది. ఆ వెతుకులాట చిటికెలో తెమలాలంటే ప్రతి లాడ్జి వివరమూ ముందే ఒక చోట సర్ది ఉండాలి. దాన్ని ఇండెక్సు అంటారు. ఇండెక్సులు, అవి ఉండే సర్వర్లు, వాటిని ముట్టుకునే హక్కున్న మనుషుల పేర్లు, అన్నీ ఒక ఫైలులో కోడుగా రాసిపెడతారు. చేత్తో ఎవరూ ఏదీ కట్టరు. రాసింది చూసుకుని ఒక పనిముట్టు దానంతటదే కడుతుంది.

"నువ్వు ప్లాను సూసి గోడ లేపుతావు గదా నాయనా, అట్లాంటిదే. ఒకటే తేడా. నేను ప్లానులో గోడ చెరిపేస్తే ఆడ నిజం గోడ కూలిపోతాది."

ఏబెల్ బీడీ ఆర్పాడు. "లోపల మనుషులుంటే?"

ఆమె నవ్వేసింది.

లోపల మనుషులుంటే ఏమవుతుందో ఆమెకు తెలియక కాదు. ఆ ఎండాకాలమే చూసింది. వెంకటముని అని ఆమె పక్క కుర్చీ అతను, అందరికీ మిరపకాయ బజ్జీలు తెస్తానని కిందికి దిగాడు. అతను మెట్లు దిగాడో లేదో మేనేజరు ముకుందం వచ్చి, ఫైలులోంచి వాడి పేరు తీసెయ్ అన్నాడు. తీసేసింది. పేరు చెరిపితే చాలు, మెయిలూ సర్వరూ తలుపు కార్డూ ఒక్కసారిగా మూసుకుపోయేలా ఆ ఏర్పాటు రాసింది ఆమే. ముకుందం దాన్ని శుభ్రమైన పని అని మెచ్చుకున్నాడు కూడా.

వెనకే వస్తున్న వాళ్లెవరో తలుపు తీస్తే వెంకటముని బజ్జీల పొట్లంతో లోపలికొచ్చాడు. అందరికీ పంచి పాస్‌వర్డు కొట్టాడు. పట్టలేదు. మళ్లీ కొట్టాడు. కీబోర్డు చెడిందేమోనని బోర్లించి తట్టాడు. ఆపుకున్న నవ్వుకు గదిలో అందరి భుజాలూ అదురుతున్నాయి.

"ఏమప్పా, పాస్‌వర్డు కూడా బజ్జీలతో మింగేసినావా?" అన్నాడు ముకుందం.

అప్పుడు పగలబడి నవ్వారు. ప్రసన్నకుమారి కూడా నవ్వింది. చేతిలో అతను పెట్టిన బజ్జీ ఇంకా వేడిగానే ఉంది.

ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం. దసరాకు పర్మినెంటు చేయిస్తానని ముకుందం మాటిచ్చాడు. ఆ మాట పట్టుకుని తల్లి గ్రేసీ చర్చిలో ముందుగానే కృతజ్ఞత ప్రార్థన చేయించేసింది. ఊరంతా ఆమెన్ అన్నాక ఇక వెనక్కి తీసుకోవడం ఎలా? అందుకే ముకుందం ఏం చెప్పినా ఆమె సరే సార్ అనేది.

ఆయుధపూజ నాడు ఆఫీసులో కంప్యూటర్లన్నిటికీ పసుపు కుంకుమ పెట్టారు, కీబోర్డుల మీద చేమంతులు, గుమ్మానికి బూడిద గుమ్మడికాయ. పనిముట్టు ముట్టే రోజు కాదది, కడిగి పూజించే రోజు. ముకుందానికి ఒక ఆలోచన తట్టింది. పార కొడవలి కడిగినట్టు కోడు కూడా కడగాలి కదా, అందులో పేరుకున్న చెత్త తీసెయ్యాలి.

"నువ్వెట్లాగూ బొట్టు పెట్టుకోవు గదమ్మా, పూజలో నీకేం పని. కూర్చోని ఆ పాచి కడుగుపో," అన్నాడు. ఆమెతో పనిచేసే భానుశ్రీ హారతి పళ్లెం పట్టుకుని కిసుక్కుమంది.

ప్రసన్నకుమారి చెత్తంతా తీస్తూ వచ్చింది. చివర్లో 'పాతది' అని రాసి ఉన్న ఇండెక్సు ఒకటి తగిలింది. పనిముట్టు ఎర్ర అక్షరాల్లో హెచ్చరించింది, ఇది కూలిపోతుంది అని. ఇంకా ఎవరైనా దాన్ని వాడుతున్నారేమో చూడాలి. కాసేపటి పనే. చూశాక చెరపనా అని ఆమె వెళ్లి ముకుందాన్ని అడిగింది. వాళ్ల పద్ధతి ప్రకారం ఒకరు రాస్తే ఇంకొకరు ఒప్పుకోవాలి. ఆయన ఒక చేత్తో గంట ఊపుతూనే రెండో చేత్తో ఫోనులో ఒప్పుకున్నాడు.

"పాతదని పేరే చెప్తాండాది గదమ్మా. ఊరికే నసగబాకు."

ఆమె చూడలేదు. ఎస్ అని కొట్టింది.

సాయంత్రం బస్టాండుకు నడుస్తుంటే పేవ్‌మెంటు మీద సంచులు పరుచుకుని సంసారాలు కనిపించాయి. గుండు మీద గంధం ఆరిన ఒక అరవ ముసలమ్మ పాత ఫోను చాపి, "రూమే ఇల్లైన్ను వరుదు మా," అంది. గదే లేదని వస్తోందట. ఎదురు సందులో లాడ్జీవాడు ఖాళీ గదుల తాళాలు ముందేసుకుని ఆవులిస్తున్నాడు. ప్రసన్నకుమారి ఆ ఫోను అందుకుని చూసింది, తమ యంత్రమే. పాత ఫోన్లన్నీ వెతికేది ఆ పాత ఇండెక్సులోనే.

ముసలమ్మను ఆ లాడ్జీలో చేర్చి ఆఫీసుకు పరుగెత్తింది. దాచిన నకలు తీసి, చెరిపిన వరసలు మళ్లీ రాసి, రాత్రి భోజనాల వేళకు గోడ లేపింది. ముకుందానికి ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. మంచి పని చేసినావు తల్లీ అన్నాడాయన.

పండగ సెలవులయ్యాక ఓనరు దొరస్వామి ఇద్దరినీ పిలిపించాడు. పూజ చెయ్యని చెయ్యి తగిలింది సార్, పనిముట్టు ఊరుకుంటుందా అన్నాడు ముకుందం, నవ్వుతూనే. ఆయన ఒప్పుకున్నట్టు నమోదైన వరసను ఆమె ఫోనులో తెరిచి చూపించింది. దొరస్వామి దాన్ని చూశాడు.

"నిన్ను నమ్మి ఒప్పుకున్నాడు గదమ్మా. నమ్మేది కూడా తప్పేనా?"

పర్మినెంటు సంగతి తర్వాత మాట్లాడదాం, అలిసిపోయినావు, కిందికిపోయి టీ తాగి రాపో అన్నాడు ముకుందం. మెత్తగా అన్నాడు.

మెట్ల మీదే ఆమెకు అర్థమైంది. అయినా దిగింది. టీ తీసుకుంది, తాగలేదు. తిరిగొచ్చి తలుపుకు కార్డు ఆనిస్తే ఎర్రదీపం వెలిగింది.

వెంకటముని కీబోర్డు బోర్లించినట్టు ఆమె కార్డు తిప్పి చూడలేదు. అద్దం అవతల భానుశ్రీ ప్రసన్నకుమారి కుర్చీలో కూర్చుని ఉంది. అందరూ తెరల్లోకి తలలు వంచుకున్నారు. ఒకరిద్దరి భుజాలు అదురుతున్నాయి.

హ్యాండ్‌బ్యాగు లోపలే ఉంది. గ్రేసీ తెల్లారకముందే లేచి కట్టిచ్చిన సద్ది డబ్బా కూడా. ప్రసన్నకుమారి అద్దం మీద వేలితో తట్టింది. ముకుందం తలెత్తి, ఆగమన్నట్టు చెయ్యి చూపించాడు.

ఆమె ఆగింది.