రెండు దిక్కులా సిమెంటు పూసిన గోడ

నేను రిటైరయ్యే ముందటి సంవత్సరం ఏప్రిల్‌లో నన్ను వనపర్తి అవతల ఒక గుట్ట ఊరికి వేశారు. అప్పటికి నా హోదా వర్క్‌చార్జ్‌డ్ మేస్త్రి. అంటే ఆఫీసు మనిషినే గానీ ఆఫీసులో కుర్చీ ఉండదు, పని ఎక్కడుంటే అక్కడే నా ఆఫీసు. నా పైన వర్క్ ఇన్‌స్పెక్టర్, ఆయన పైన ఏఈ, ఆ పైన డీఈ. నా చదువు ఐదో తరగతితో ఆగింది, కాబట్టి కాగితాల మీద ఉన్నది నాకు ఒకరు చదివి వినిపించాలి. విన్నది మాత్రం మరిచిపోయేవాణ్ణి కాను. అందుకే ఈ సంగతి ఇప్పటికీ పూసగుచ్చినట్టు గుర్తుంది. గుర్తొచ్చినప్పుడల్లా ఒళ్లు మండుతుంది.

పాత ఇళ్లలో ఎండాకాలం వేడి, చలికాలం చెమ్మ తగ్గేలా బాగుచేయడం ఆ పథకం. ఆ ఊరి పై వరుస ఇళ్లు గుట్ట వాలును తొలిచి కట్టినవి. వెనక గోడకూ గుట్టకూ మధ్య మనిషి అడ్డంగా నడిచేంత సందు, అంతే. గోడలు రాయి, మట్టి కలిపి మూరెడు పైనే మందంతో పెట్టినవి. పైన మట్టి మిద్దె. దూలాల మీద దంతెలనే సన్న వాసాలు, వాటి మీద బండలు, పైన కంప, కంప మీద ఎర్రమన్ను తొక్కి, అన్నిటికీ పైన సౌడు పరుస్తారు. సౌడు అంటే ఉప్పు తేలిన చౌడు నేల మన్ను. చినుకు పడగానే ఉబ్బి సందులన్నీ మూసుకుంటుంది, నీటిని కిందికి దిగనివ్వదు. ఏటా వానలకు ముందు నాలుగు గంపలు కొత్త సౌడు చల్లుకుంటే చాలు. అంత మన్ను నెత్తిన ఉంది కాబట్టి మే నెల ఎండ కూడా గదిలోకి దిగే సరికి సాయంత్రమైపోతుంది.

ఆ ఇళ్ల రోగం మిద్దెలో లేదు, వెనక గోడలో ఉంది. వానలు ఆగినా గుట్ట కడుపులోంచి ఊట సంక్రాంతి దాకా దిగుతూనే ఉంటుంది. గోడ ఆ నీళ్లను తాగుతుంది. మట్టి, సున్నం పూసిన గోడైతే తాగినదాన్ని మెల్లగా గాలికి వదిలేస్తుంది. వదిలే దారి మూశామా, నీళ్లు లోపలే ఉండి మట్టిని నానబెడతాయి.

ఏఈ మేడం కొత్తగా వచ్చిన పిల్ల. అయినా ప్రతి ఇంటి వెనక సందులోకీ అడ్డంగా దూరి గోడకు అరచెయ్యి ఆనించి చూసింది. ఆమె అంచనాలో రాసిన క్రమం ఇది: ముందు సందులో కాలువ తవ్వి, రాళ్లు నింపి, ఊట పక్కకు పోయేలా వాటం ఇవ్వాలి. తరువాత గోడలకు నానబెట్టిన సున్నంతో గిలాబు, అంటే పూత. చివరికి మిద్దె మీద పాత మన్ను గీకి కొత్త సౌడు. నేను మనసులో దండం పెట్టుకున్నాను. అంతకంటే ఒక్క పని ఎక్కువ అక్కర్లేదు, ఒక్కటి తగ్గకూడదు.

వరుసలో చివరి ఇల్లు ఎస్తేరమ్మది. ఆమె భర్త యేసోబు ఏండ్ల తరబడి పూనాలో కట్టడం పనులు చేసి వచ్చినవాడు. సున్నం, సౌడు అనగానే అతని మొహం ఎర్రబడింది.

"అన్నా, పూనాల మందికి సిమెంటు గోడలు కట్టి కట్టి నా చేతులు పగిలినయ్. నా ఇంటికొచ్చేసరికి మల్ల మట్టేనా? మేం మనుషులం గామా?"

సిమెంటు చెడ్డది కాదనీ, ఈ గోడకు పడదనీ మేడం ఓపిగ్గా చెప్పింది. యేసోబు విన్నాడు గానీ ఒప్పుకోలేదు. "సరే తియ్ మేడం, మీ ఇష్టం" అని బయటికి వెళ్లి బీడీ వెలిగించుకున్నాడు.

మే నెలలో నన్ను గద్వాల దిక్కు, వడ్డేపల్లి దగ్గర ఒక బడి ప్రహరీ పనికి పంపారు. జూన్ మొదట్లో తిరిగి వచ్చేసరికి గుట్ట ఊరి పై వరుస, తాళం వేసి ఉన్న ఒక్క ఇల్లు తప్ప, అంతా బూడిద రంగులో మెరుస్తోంది. కాంట్రాక్టర్ యాదగిరి గోడలకు లోపలా బయటా సిమెంటు గిలాబు కొట్టించాడు. మిద్దెల మీద సౌడు చల్లే చోట సిమెంటు పూత పోయించాడు. రాతి గుట్టలో కాలువ తవ్వడం కష్టమని సందులన్నీ పెళ్లలతో నింపి పైన సిమెంటు పరిచాడు. అంటే ఊటకు ఉన్న ఒక్క దారీ మూసి, దాన్ని గోడల్లోకే మళ్లించాడు.

నేను నడి వాడలో నిలబడి అరిచాను. యాదగిరి నవ్వాడు.

"ఊరోల్లే అడిగిండ్రు మేస్త్రీ. ఫోటోల సూడు ఎట్ల మెరుస్తున్నదో. మట్టి పూస్తె పని జేసినట్టు కనపడ్తదా?"

ఊరివాళ్లు నిజంగానే అడిగారు. నాకు అది ఇంకా మంట. మట్టి అంటే బీదతనమని ఎవరు నేర్పారు వీళ్లకు? తాతలు నిలబెట్టిన గోడను చూసి సిగ్గుపడేలా చేసి, ఆ సిగ్గును అడ్డం పెట్టుకుని కష్టమైన కాలువ పని ఎగ్గొట్టాడు వాడు. ఎస్తేరమ్మ ఒక్కతే నన్ను పక్కకు పిలిచి గొణిగింది. "పైన సిమెంటు బోసినప్పటి సంది ఇంట్ల నిలవడ్తలేదన్నా. నెత్తి మీద పెనం బెట్టినట్టున్నది."

మేడం ఆ పనిని కొలతల పుస్తకంలో ఎక్కించనంది. కొలతలు ఎక్కకపోతే బిల్లు కదలదు. ఊరి పెద్దలే బాగుందని చెప్పాక నీకేం అడ్డమని పైవాళ్లు ఆమెను నిలదీశారట. ఆమె దిగిరాలేదు. చివరికి డీఈ స్వయంగా వచ్చి సరిచూడాలని తేల్చారు. అది సాగి సాగి చలికాలానికి పడింది.

ఆ చలికాలమే ఎస్తేరమ్మ బిడ్డ సునీత తొలి కాన్పుకు తల్లిగారింటికి వచ్చింది. వనపర్తి దవాఖానలో ఆడపిల్ల పుట్టింది. మా దిక్కు బాలింతను ఇంట్లో అన్నిటికంటే లోపలి గదిలో ఉంచుతారు. చెవుల్లో దూది, తలకు గుడ్డ, మంచం కింద నిప్పుల కుంపటి. గాలి తగలొద్దని కిటికీ సందుల్లో కూడా బట్టలు కుక్కుతారు. ఆ ఇంట్లో అన్నిటికంటే లోపలి గది అంటే గుట్టకు ఆనిన గది.

డీఈ వచ్చే ముందు రోజు పొద్దున ఎస్తేరమ్మ ఫోన్ చేసింది. "అన్నా, గోడ జర ముందుకొచ్చినట్టు కొడ్తున్నది. ఒక్కసారొచ్చి సూస్తవా?"

వెళ్లాను. గదిలో ఊపిరాడటం లేదు. కుంపటి సెగ, సాంబ్రాణి పొగ, తడి వాసన. వెనక గోడ మీద పై నుంచి కింది దాకా ఎన్నికలప్పటి ఫ్లెక్సీ ఒకటి మేకులు కొట్టి కట్టారు. చెమ్మ మంచం మీదికి రాకుండా అట. అందులో చేతులు జోడించి నవ్వుతున్న నాయకుడి మొహం ఉబ్బిపోయి ఉంది. ఫ్లెక్సీ పీకేశాను. ఉబ్బింది మొహం కాదు, గోడ. నడుం ఎత్తున జానెడు ముందుకు వచ్చింది. వేలి కణుపుతో కొట్టి చూస్తే సిమెంటు పెచ్చు డొల్లగా మోగింది. మేకు ఊడిన చోటి నుంచి బురద కారుతోంది. ఆ గోడ కాళ్ల దగ్గరే మంచం, మంచం మీద తల్లీ పిల్లా.

ఇప్పుడే బయటికి రావాలన్నాను. ఎస్తేరమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. "ఏం మాట అన్నా? పురుటి స్నానం గాకుండ బాలింత గడప దాటుతదా? చలిగాలి గొడ్తె వాతం బట్టదా?"

అంతలో ఎవరో చెప్పినట్టున్నారు, యాదగిరి బండి దిగి వచ్చాడు. గోడను చూశాడు. వాడి మొహంలో భయం కనబడింది, నేను చూశాను. అయినా నోటి నుంచి వచ్చిన మాట ఇది:

"రేపు ఒక్క పూట ఓపిక పట్టు వదినా. సార్లు వచ్చిపోంగనె మనుషుల్ని దోల్త. అందాక గా ఫ్లెక్సీ మల్ల కట్టుండ్రి. బాలింత ఉన్న అర్రల సార్లు ఎట్లాగూ అడుగువెట్టరు."

నా ఉద్యోగంలో దొంగ పనులు చాలా చూశాను. ఇసుక ఎక్కువ కలపడం, ఇనుము తగ్గించడం, అన్నీ చూశాను. పది దినాల పసిగుడ్డును కూలే గోడకు కాపలా పెట్టినవాణ్ణి మాత్రం అక్కడే చూశాను. నా చెయ్యి లేచింది. యేసోబు పట్టుకోకపోతే కొట్టేవాణ్ణే.

అప్పటిదాకా గోడ వైపు తిరిగి పడుకున్న సునీత లేచి కూర్చుంది. చెవుల్లోంచి దూది తీసింది.

"అమ్మా, గడప దాటితె వాతం వస్తదో రాదో నాకు తెల్వదు. ఈడుంటె మన్ను మీద బడ్తది. పిల్లను బట్టుకో. నేను నడుస్త."

పక్కింటి నుంచి జైబున్ తలుపు తెరిచి పిలిచింది. ఆమె భర్త ఖాజా భాయ్ కొత్తకోటలో లారీల మెకానిక్. పథకం పనులు జరిగినప్పుడు వాళ్ల ఇంటికి తాళం ఉండటంతో యాదగిరి మనుషులు వెనక సందు కూడా ముట్టుకోకుండా పోయారు. తెలివితో కాదు, తాళంతో ఆ ఇల్లు పాత మట్టి ఇల్లుగా మిగిలింది. గది పొడిగా, గోరువెచ్చగా ఉంది. జైబున్ తన మంచం ఖాళీ చేసి దుప్పటి మార్చింది. "సిగ్గువడకు బేటీ, పరేషాన్ గాకు. నా నాలుగు కాన్పులు ఈ అర్రలనే అయినయ్" అంది. ఎస్తేరమ్మ మనవరాలిని చీర చెంగులో చుట్టుకుని, పసిదాని తలకు రెండు చేతులూ అడ్డం పెట్టి తీసుకుపోయింది.

నేనూ యేసోబూ దూలం కింద మొద్దులు నిలబెట్టి మిద్దె బరువును వాటి మీదికి ఎక్కించాం. గోడ దానంతట అది కూలితే మిద్దెను కూడా లాక్కుపోతుంది, అందుకే మనమే దించాలి. గడ్డపార నేను అందుకోబోతే యేసోబు లాక్కున్నాడు. మొదటి పోటు అతనే పొడిచాడు. సిమెంటు పెచ్చు తలుపంత ముక్కగా విరిగి పడింది. దాని వెనక నుంచి మట్టి సంకటిలా జారి, మంచం ఉన్న చోటంతా మోకాలెత్తు నింపింది. యాదగిరి వాకిట్లో నిలబడి ఫోన్లో వీడియో తీస్తూ, "సర్కారు పని పడగొడ్తుండ్రు, అందరు సూడుండ్రి" అని అరుస్తున్నాడు.

మరుసటి రోజు డీఈ వచ్చారు. బురదను చూశారు, ఖాజా భాయ్ ఇంటి గోడ తడిమారు, బండెక్కి వెళ్లిపోయారు. వారం తిరక్కుండా నాకు మెమో వచ్చింది. అనుమతి లేకుండా ప్రభుత్వ పనిని ధ్వంసం చేసినందుకు సంజాయిషీ ఇవ్వాలట. ఆ కాగితం మేడమే చదివి వినిపించింది. నా జవాబు ఆమె చేత్తో రాసింది, కింద తన సంతకం కూడా పెట్టింది. నా మీద చర్య తీసుకోలేదు. ఆమెను మాత్రం బదిలీ చేశారు. యాదగిరికి ఎస్తేరమ్మ ఇల్లు ఒక్కటి తీసేసి మిగతా వరుసంతా పాస్ చేశారు.

ఎస్తేరమ్మ వెనక గోడను మళ్లీ రాయి, మట్టితోనే పెట్టాం. దానికి ముందు యేసోబు ఆ సందులోని పెళ్లలన్నీ ఎత్తిపోసి, రాయి పగలగొట్టి కాలువ తవ్వాడు. మిగతా ఇళ్లవాళ్లకు ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. ఇద్దరు విన్నారు. మిగిలినవాళ్లు ఇంకా ఆ సిమెంటు గోడల వెనకే పడుకుంటున్నారు, వాళ్లను అలా పడుకోబెట్టినవాడు ఇంకా కాంట్రాక్టులు చేస్తున్నాడు.

ఆ పని నుంచి నేను నేర్చుకున్నది ఇంతే. గుట్టకు ఆనిన పాత ఇంట్లో చెయ్యి పెట్టేవాడు గోడను ముట్టుకునే ముందు దాని వెనక నీటికి దారి తవ్వాలి. తడిసే గోడకు ఆరే దారి ఒకటి వదలాలి. అటువంటి పనిని ఎండాకాలంలో కొలిచి బాగుందని సంతకం పెట్టకూడదు. ఒక వానాకాలం, ఒక చలికాలం గడిచాక, అన్నిటికంటే లోపలి గదిలోకి వెళ్లి, గోడ మీద కట్టినవన్నీ తీయించి చూశాకే పెట్టాలి.